ఇంటి నెట్‌వర్కులో స్వయంచాలక బ్యాకప్పు

ఇంటి నెట్‌వర్కులో స్వయంచాలక బ్యాకప్పు అంటే ఒకే ఇంట్లోని కంప్యూటర్లలో ఉన్న ఫైళ్ళకు, ఎవరూ గుర్తుపెట్టుకుని చేయనవసరం లేకుండా, నియమిత సమయాల్లో మరొక కంప్యూటరులో ప్రతులు తయారయ్యే ఏర్పాటు. కంప్యూటర్లను కలిపే రూటరు, ప్రతులను దాచడానికి చోటు ఉన్న ఒక కంప్యూటరు, నకలు తీసే ప్రోగ్రాము, దానిని వేళకు మొదలుపెట్టే మరొక ప్రోగ్రాము ఇందుకు కావాలి. లినక్సు, యునిక్సు తరహా వ్యవస్థల్లో ఈ పనికి విస్తృతంగా వాడేది ఆర్‌సింక్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు. విండోస్‌లో రోబోకాపీ, మ్యాక్‌లో టైమ్ మెషీన్ ఇటువంటి పనినే చేస్తాయి. ఈ వ్యాసం ప్రధానంగా ఆర్‌సింక్ ఆధారంగా జరిగే బ్యాకప్పు గురించి.

అవసరం

ఇంటి కంప్యూటరులోని ఫైళ్ళు రెండు రకాలు. సినిమాలు, పాటలు, సాఫ్టువేర్లు పోయినా మళ్ళీ దొరుకుతాయి. పెళ్ళి ఫోటోలు, గతించిన పెద్దల గొంతు రికార్డులు, సగం వ్రాసిన పుస్తకం పోతే ఎంత డబ్బు పెట్టినా దొరకవు. హార్డుడిస్కు చెడిపోయే ముందు ఒక్కొక్కసారి శబ్దం చేస్తుంది, చాలాసార్లు ఏమీ చెప్పదు. ఎస్‌ఎస్‌డీలు చప్పుడు కూడా చేయవు. చేత్తో చేసే బ్యాకప్పులో ప్రధాన లోపం సాంకేతికమైనది కాదు. మొదటి నెల శ్రద్ధగా జరుగుతుంది, తరువాత పండుగలో ప్రయాణాలో అడ్డు వస్తాయి. డిస్కు పోయిన రోజున తీసి చూస్తే చివరి ప్రతి ఏడాది నాటిదై ఉంటుంది.

ఇంటి కంప్యూటరులోని స్వయంచాలక ప్రతి ఒక పెద్ద సంస్థను ఆదుకున్న సందర్భం ప్రసిద్ధమైనది. 1998లో పిక్సార్ స్టూడియోలో "టాయ్ స్టోరీ 2" చలనచిత్రం తయారవుతుండగా, పొరపాటున ఇచ్చిన ఒక తొలగింపు ఆజ్ఞ వల్ల సినిమా ఫైళ్ళలో అధికభాగం చెరిగిపోయాయి. స్టూడియో బ్యాకప్పులు సరిగా పనిచేయడం లేదన్న సంగతి అప్పుడే బయటపడింది. సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టరు గాలిన్ సుస్మన్ బిడ్డ పుట్టినందువల్ల ఇంటి నుండి పనిచేస్తూ, సినిమా ఫైళ్ళు వారానికి ఒకసారి తన ఇంటి కంప్యూటరులోకి వాటంతటవే వచ్చేలా ఏర్పాటు చేసుకున్నారు. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో స్టూడియోకు తెచ్చి, పోయిన పనిలో చాలాభాగాన్ని తిరిగి సంపాదించారు. పిక్సార్ సహవ్యవస్థాపకుడు ఎడ్ క్యాట్‌మల్ 2014లో వెలువడిన తన పుస్తకంలో ఈ ఉదంతాన్ని వివరించాడు.

బ్యాకప్పు, సమకాలీకరణ, రెయిడ్

ఈ మూడింటినీ ఒకటిగా భావించడం సాధారణంగా జరిగే పొరపాటు. రెయిడ్ పద్ధతిలో ఒకే సమాచారం రెండు లేదా అంతకంటే ఎక్కువ డిస్కులలో ఏకకాలంలో వ్రాయబడుతుంది. ఒక డిస్కు చెడిపోయినా కంప్యూటరు ఆగదు, అంతవరకే దాని ప్రయోజనం. ఫైలును చెరిపివేస్తే అన్ని డిస్కులలోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది.

సమకాలీకరణలో రెండు కంప్యూటర్ల ఫోల్డర్లను ఎప్పుడూ ఒకేలా ఉంచుతారు. 2013లో మొదలైన సింక్‌థింగ్ ఈ కోవలోనిది. ఇక్కడ చెరిపినది కొద్ది సెకన్లలో అక్కడా చెరిగిపోతుంది. పాత ప్రతులను దాచే సదుపాయాన్ని విడిగా ఎంచుకుంటే తప్ప ఇది బ్యాకప్పు కాదు. యంత్రం నిన్నటి మంచి ఫైలును ఎంత నమ్మకంగా నకలు తీస్తుందో, ఈరోజు పాడైన ఫైలును కూడా అంతే నమ్మకంగా తీస్తుంది. అందువల్ల స్వయంచాలకత పెరిగే కొద్దీ పాత ప్రతుల అవసరం కూడా పెరుగుతుంది.

ఆర్‌సింక్

ఆర్‌సింక్‌ను ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ రూపొందించారు. 1996 జూన్ 19న మొదటిసారి ప్రకటించారు. ట్రిడ్జెల్ అంతకు ముందే, 1992లో, యునిక్సు కంప్యూటర్లు విండోస్ కంప్యూటర్లతో ఫైళ్ళు పంచుకోవడానికి వీలు కల్పించే సాంబా ప్రోగ్రామును ప్రారంభించాడు. ఇంటి నెట్‌వర్కులలో నేటికీ పనిచేస్తున్న రెండు ముఖ్యమైన సాఫ్టువేర్లకు ఒకే వ్యక్తి మూలం కావడం విశేషం. ఆర్‌సింక్ పద్ధతిని అతడు 1999 నాటి తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో విపులంగా చర్చించాడు. తరువాతి కాలంలో వేన్ డేవిసన్ ప్రధాన నిర్వాహకుడయ్యాడు. 2008 మార్చిలో 3.0.0 కూర్పు విడుదలైంది. 2025 జనవరిలో వెలువడిన 3.4.0 కూర్పు తీవ్రమైన భద్రతా లోపాలను సవరించింది కనుక అంతకు పూర్వపు కూర్పులు వాడేవారు మార్చుకోవాలి, లేదా తమ లినక్సు పంపిణీదారు ఇచ్చిన సవరణలను స్థాపించుకోవాలి.

పనిచేసే విధానం

ఆర్‌సింక్ పరిష్కరించిన సమస్య ఇది: ఒక ఫైలు పాత రూపం ఒక కంప్యూటరులో, కొత్త రూపం మరొక కంప్యూటరులో ఉన్నాయి. మధ్యనున్న లైను వేగం తక్కువ. రెండు రూపాలూ ఒకేచోట లేవు కనుక వాటిని నేరుగా పోల్చి చూడడం సాధ్యం కాదు. తేడాను మాత్రమే పంపడం ఎలా?

పాత రూపం ఉన్న కంప్యూటరు ఆ ఫైలును సమానమైన ముక్కలుగా విడగొడుతుంది. ప్రతి ముక్కకూ రెండు చెక్‌సమ్‌లు లెక్కకట్టి అవతలికి పంపుతుంది. మొదటిది 32 బిట్ల తేలిక చెక్‌సమ్, రెండవది తప్పు జరగడానికి ఆస్కారం దాదాపు లేని బలమైన చెక్‌సమ్. బలమైన దానికి తొలినాళ్ళలో ఎమ్‌డీ4, 3.0.0 నుండి ఎమ్‌డీ5 వాడారు. కొత్త రూపం ఉన్న కంప్యూటరు తన ఫైలు మీద అదే వెడల్పు గల కిటికీని ఒక్కొక్క బైటు చొప్పున జరుపుతూ ప్రతి స్థానంలోనూ తేలిక చెక్‌సమ్‌ను చూస్తుంది. అది సరిపోలితేనే బలమైన దానిని లెక్కిస్తుంది. రెండూ సరిపోలితే ఆ ముక్క అవతల ఇప్పటికే ఉన్నట్లు, కనుక దాని సంఖ్య పంపితే చాలు. సరిపోలని బైట్లను మాత్రం యథాతథంగా పంపుతుంది.

తేలిక చెక్‌సమ్‌లోనే ఈ పద్ధతి చమత్కారం ఉంది. కిటికీ ఒక బైటు ముందుకు జరిగినపుడు మొత్తం మళ్ళీ కూడనక్కరలేదు. వెనుక విడిచిపోయిన బైటును తీసివేసి, ముందు చేరిన బైటును కలిపితే కొత్త విలువ వస్తుంది. ముక్కల హద్దుల దగ్గర మాత్రమే పోల్చే పద్ధతిలోనైతే, ఫైలు మొదట్లో ఒక్క అక్షరం చేర్చినా తరువాతి ముక్కలన్నీ పక్కకు జరిగి ఏదీ సరిపోలదు. జరిగే కిటికీకి ఆ ఇబ్బంది లేదు.

ఇంత ప్రసిద్ధమైన ఈ పద్ధతి ఇంటి లోపలి నెట్‌వర్కులో పెద్దగా అక్కరకు రాదు. గిగాబిట్ తీగ మీద సెకనుకు సిద్ధాంతరీత్యా 125 మెగాబైట్లు వెళ్తాయి. ముక్కలు చేసి లెక్కలు కట్టే సమయంలో ఫైలు మొత్తాన్ని పంపవచ్చు. ఫోటోలు, వీడియోలు సాధారణంగా ఒకసారి తీశాక మారవు కూడా. ఇంట్లో ఆర్‌సింక్ వల్ల కలిగే అసలు లాభం దాని "త్వరిత పరిశీలన". రెండు వైపులా ఫైలు పరిమాణం, చివరిగా మార్చిన సమయం ఒకటే అయితే ఆ ఫైలును తెరవకుండానే వదిలివేస్తుంది. లక్ష ఫైళ్ళలో నిన్నటి నుండి మారినవి ముప్ఫై అయితే ఆ ముప్ఫై మాత్రమే కదులుతాయి. రోజూ రాత్రి బ్యాకప్పు సాధ్యం కావడానికి కారణం ఇదే. దీనికి ఒక లోపం ఉంది. డిస్కు లోపం వల్ల ఫైలు లోపలి సమాచారం చెడినా పరిమాణం, సమయం మారవు కనుక ఆ చెడుపును ఇది గుర్తించదు. నెలకొకసారి "చెక్‌సమ్" ఆప్షనుతో రెండు వైపులా అన్ని ఫైళ్ళనూ చదివించి, ఏమీ మార్చకుండా తేడాల జాబితా మాత్రం తీసి చూడడం మంచిది.

మొదటి ప్రతి మాత్రం తీగతోనే తీసుకోవాలి. 500 గిగాబైట్ల ఫైళ్ళకు 100 మెగాబిట్ల లైను మీద 11 గంటలకు పైగా పడుతుంది. గిగాబిట్ లైను మీద గంటా పది నిమిషాలలోపు వ్యవహారం. ఇవి లైను వేగం పూర్తిగా దొరికితే వచ్చే లెక్కలు, ఆచరణలో ఇంకొంత ఎక్కువే పడుతుంది. పాత రూటర్లలో తీగ వేగం కూడా 100 మెగాబిట్లే ఉంటుందని గమనించాలి.

తొలగింపు ఆప్షను

మూలంలో చెరిపివేసిన ఫైళ్ళను ప్రతిలో కూడా చెరిపే ఆప్షను పేరు "డిలీట్". ఇది లేకపోతే ప్రతి చెత్తతో నిండిపోతుంది, ఉంటే ప్రమాదకరం. బయటి డిస్కులోని ఫోల్డరు బ్యాకప్పు అవుతున్నదనుకుందాం. ఒక రాత్రి ఆ డిస్కు తగిలించి లేదు. ఆ పేరుతో ఖాళీ ఫోల్డరు మాత్రం అక్కడే ఉంది. ఆర్‌సింక్ దృష్టిలో యజమాని తన ఫైళ్ళన్నిటినీ చెరిపివేసినట్లే, కనుక ప్రతిలోనూ అన్నిటినీ చెరిపివేస్తుంది. మూలాన్ని చదవడంలో దోషం ఎదురైతే తొలగింపును తనంతట తాను ఆపే జాగ్రత్త ఆర్‌సింక్‌లో ఉన్నది గాని, ఖాళీ ఫోల్డరు దోషం కాదు కదా! ఇందుకు విరుగుడుగా మూలంలో తప్పక ఉండవలసిన ఒక గుర్తు ఫైలును పెట్టి, అది కనబడితేనే పని మొదలయ్యేలా స్క్రిప్టు వ్రాస్తారు. ఒకసారికి ఇన్నింటికి మించి చెరపరాదు అనే హద్దును కూడా విధించవచ్చు. గమ్యం డిస్కు తగిలించి లేనప్పుడు ఇబ్బంది మరొక రకం: ఫైళ్ళన్నీ వ్యవస్థ ఉన్న డిస్కులో చేరి దానిని నింపివేస్తాయి.

మూలం ఫోల్డరు పేరు చివర ఏటవాలు గీత పెట్టడానికి, పెట్టకపోవడానికి కూడా తేడా ఉన్నది. గీత ఉంటే ఫోల్డరు లోపలి వస్తువులు వెళ్తాయి, లేకపోతే ఫోల్డరే వెళ్తుంది. తొలగింపు ఆప్షనుతో కలిసినపుడు ఈ చిన్న గీత పెద్ద నష్టం కలిగించగలదు. కొత్తగా వ్రాసిన ఆజ్ఞను మొదట "డ్రై-రన్" ఆప్షనుతో నడిపితే ఏమి జరగబోతుందో చూపించి ఊరుకుంటుంది.

వేళకు మొదలుపెట్టడం

యునిక్సు వ్యవస్థల్లో నియమిత సమయాలలో పనులను ప్రారంభించేది క్రాన్. ఇది 1979 నాటి యునిక్సు ఏడవ కూర్పులోనే ఉన్నది. లినక్సులో ప్రచారం పొందిన రూపాన్ని పాల్ విక్సీ 1987లో వ్రాశాడు. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అనే అయిదు గడులు, ఆ పక్కన ఆజ్ఞ, ఇంతే దాని పట్టిక. రాత్రి రెండు గంటలకు బ్యాకప్పు పెట్టడం ఆఫీసులలో ఆనవాయితీ. ఇళ్ళలో ఆ సమయానికి కంప్యూటర్లు కట్టివేసి ఉంటాయి, లేదా కరెంటు ఉండదు. తప్పిపోయిన వేళను క్రాన్ పట్టించుకోదు. అనక్రాన్, సిస్టమ్‌డీ టైమర్లు మాత్రం తప్పిపోయిన పనిని కంప్యూటరు తిరిగి వెలిగినపుడు చేయగలవు. ఇంటి వాడకానికి ఇవే తగినవి. లేదా అందరూ కంప్యూటర్ల ముందు ఉండే రాత్రి తొమ్మిది గంటల వేళ పెట్టుకున్నా నష్టం లేదు, ఎందుకంటే మారిన ఫైళ్ళు కొద్దిగానే ఉంటాయి.

చేత్తో నడిపినపుడు చక్కగా పనిచేసిన స్క్రిప్టు క్రాన్ ద్వారా విఫలం కావడం తరచు కనిపించే ఇబ్బంది. క్రాన్ ఆజ్ఞలను వెదికే దారులు పరిమితం కనుక ప్రోగ్రాముల పూర్తి చిరునామా వ్రాయాలి. మొదటి బ్యాకప్పు ముగియకముందే రెండవది మొదలు కాకుండా తాళపు ఫైలు పెట్టాలి. రూటరు కంప్యూటర్లకు ఇచ్చే ఐపీ చిరునామాలు మారుతూ ఉంటాయి. బ్యాకప్పులో పాలుపంచుకునే ప్రతి కంప్యూటరుకూ రూటరులోనే స్థిరమైన చిరునామా కేటాయించకపోతే, ఏదో ఒక రోజు ఎవరికీ తెలియకుండా పని ఆగిపోతుంది.

పంపడమా, తెచ్చుకోవడమా

ప్రతి కంప్యూటరూ తన ఫైళ్ళను బ్యాకప్పు కంప్యూటరుకు పంపవచ్చు. లేదా బ్యాకప్పు కంప్యూటరే అన్నిటి దగ్గరకూ వెళ్ళి ఫైళ్ళను తెచ్చుకోవచ్చు. మొదటి పద్ధతి ల్యాప్‌టాపులకు సులువు, ఎందుకంటే తాను ఇంట్లో ఉన్నదీ లేనిదీ ల్యాప్‌టాపుకే తెలుసు. భద్రత దృష్ట్యా రెండవ పద్ధతి మేలు. మొదటి పద్ధతిలో బ్యాకప్పు ఫోల్డరులో వ్రాసే అధికారం ప్రతి కంప్యూటరుకూ ఉంటుంది. వాటిలో ఏ ఒక్కదానికి దుష్ట సాఫ్టువేరు సోకినా అది బ్యాకప్పును కూడా పాడుచేయగలదు.

2017 మే 12న వ్యాపించిన వాన్నాక్రై దీనికి ఉదాహరణ. విండోస్ ఫైళ్ళు పంచుకునే పాత విధానంలోని లోపం ఆధారంగా అది ఒక కంప్యూటరు నుండి మరొక దానికి నెట్‌వర్కు గుండా తనంతట తానే పాకి, ఫైళ్ళను గూఢలిపిలోకి మార్చి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్టు సవరణను అదే సంవత్సరం మార్చిలోనే విడుదల చేసినప్పటికీ స్థాపించుకోనివారు చాలామంది ఉన్నారు. నెట్‌వర్కు డ్రైవు రూపంలో ఎప్పుడూ తెరిచి ఉండే బ్యాకప్పు ఫోల్డరు ఇటువంటి సాఫ్టువేరుకు మామూలు ఫోల్డరుతో సమానమే.

స్వయంచాలక పనిలో సంకేతపదం టైపు చేసే మనిషి ఉండడు కనుక ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవుల జతను వాడతారు. ఆ చెవికి ఏ ఫోల్డరును చదివే అధికారం ఉండాలో అంతవరకే పరిమితం చేయవచ్చు. ఇందుకు ఆర్‌సింక్‌తో పాటే ఆర్‌ఆర్‌సింక్ అనే చిన్న స్క్రిప్టు వస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ లేకుండా 873వ పోర్టు మీద నేరుగా పనిచేసే ఆర్‌సింక్ సేవ కూడా ఉన్నది గాని, అందులో సమాచారం గూఢలిపిలో ప్రయాణించదు. ఆ పోర్టును రూటరులో బయటి ప్రపంచానికి తెరవకూడదు.

పాత ప్రతులు

నిన్నటి ప్రతి మీదనే ఈరోజు ప్రతిని వ్రాస్తే నిన్నటి తప్పును సరిదిద్దుకునే అవకాశం పోతుంది. రోజుకొక పూర్తి ప్రతి దాచాలంటే 100 గిగాబైట్ల ఫైళ్ళకు నెలకు 3,000 గిగాబైట్లు కావాలి. ఈ చిక్కుకు హార్డు లింకులు పరిష్కారం చూపాయి. యునిక్సు తరహా డిస్కు అమరికలో ఫైలు పేరు వేరు, లోపలి సమాచారం వేరు. ఒకే సమాచారానికి ఎన్ని పేర్లయినా ఉండవచ్చు, చివరి పేరు చెరిపే వరకూ సమాచారం నిలిచి ఉంటుంది. "లింక్-డెస్ట్" ఆప్షనుతో ఆర్‌సింక్ ప్రతి రాత్రీ కొత్త ఫోల్డరు తయారుచేసి, మారని ఫైళ్ళకు నిన్నటి ఫోల్డరులోని సమాచారాన్నే మరొక పేరుతో చూపుతుంది. మారిన ఫైళ్ళకు మాత్రమే కొత్త చోటు పడుతుంది. రోజుకు 200 మెగాబైట్లు మారితే ముప్ఫై రోజుల ముప్ఫై ప్రతులకు దాదాపు 106 గిగాబైట్లు చాలు. ఏ తేదీ ఫోల్డరు తెరిచినా ఆనాటి ఫైళ్ళన్నీ పూర్తిగా కనిపిస్తాయి. తిరిగి తెచ్చుకోవడానికి ప్రత్యేక సాఫ్టువేరు అవసరం లేకపోవడం ఈ పద్ధతికి గల గొప్ప సుగుణం.

ఈ తరహా ఏర్పాటును మైక్ రూబెల్ తన వ్యాసం ద్వారా ప్రచారంలోకి తెచ్చాడు. దాని ఆధారంగా వచ్చిన ఆర్‌స్నాప్‌షాట్ అనే ప్రోగ్రాము గంటల, రోజుల, వారాల, నెలల ప్రతులను ఎన్నేసి ఉంచాలో చెబితే పాతవాటిని తానే తొలగిస్తుంది. ఇందులో మూడు పరిమితులను గుర్తించాలి. ఫ్యాట్ అమరికతో వచ్చే పెన్‌డ్రైవులలో హార్డు లింకులు పనిచేయవు. ఉత్తరాల పెట్టె వంటి పెద్ద ఫైలులో ఒక్క ఉత్తరం చేరినా ఫైలు మొత్తం మళ్ళీ చోటు తీసుకుంటుంది. ఆర్‌సింక్ సాధారణంగా కొత్త ఫైలును పక్కన వ్రాసి, పూర్తయ్యాక పాతదాని పేరును దానికి మారుస్తుంది కనుక పాత ప్రతులు చెక్కుచెదరవు. "ఇన్‌ప్లేస్" ఆప్షను పెడితే మాత్రం పాత సమాచారం మీదనే వ్రాస్తుంది, దానితో పాటు పాత తేదీల ప్రతులు కూడా మారిపోతాయి.

తెలుగు ఫైలు పేర్లు

ఫైళ్ళకు తెలుగులో పేర్లు పెట్టుకునేవారికి బ్యాకప్పులో రెండు ప్రత్యేక సమస్యలున్నాయి. యూనికోడులో ఐత్వం రెండు విధాలుగా వ్రాయవచ్చు: ఒకే సంకేతంగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు పొడవు గుర్తు అనే రెండు సంకేతాలుగా. చూడడానికి తేడా ఉండదు. ఆపిల్ పాత డిస్కు అమరిక అయిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచుకుంటుంది. లినక్సు పేరు ఎలా ఇస్తే అలాగే దాచుకుంటుంది. దీనివల్ల అటువంటి మ్యాక్ నుండి వచ్చిన "హైదరాబాదు", ఇతర కంప్యూటరు నుండి వచ్చిన "హైదరాబాదు" లినక్సు డిస్కు మీద రెండు వేరువేరు ఫైళ్ళుగా నిలుస్తాయి. "మైసూరు", "కైకలూరు" వంటి పేర్లన్నిటికీ ఇదే గతి. ఆర్‌సింక్ 3.0.0తో వచ్చిన "ఐకాన్వ్" ఆప్షను పేర్లను మార్చి ఈ తేడాను సరిచేస్తుంది. ఆపిల్ సంస్థ మ్యాక్‌లతో చాలా ఏళ్ళపాటు 2.6.9 కూర్పునే ఇచ్చినందువల్ల కొత్త కూర్పును విడిగా స్థాపించుకోవలసి వచ్చేది.

రెండవ సమస్య పొడవు. లినక్సులోని ఎక్స్‌ట్4 అమరికలో ఫైలు పేరు 255 బైట్లు మించరాదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఒత్తులు, గుణింతాలు విడి సంకేతాలు కనుక "లక్ష్మి" అనే చిన్న పేరుకే 21 బైట్లు. అంటే తెలుగు పేరులో 85 సంకేతాలకు మించి పట్టవు. విండోస్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్ అమరిక 255 సంకేతాల వరకు అంగీకరిస్తుంది. అందువల్ల అక్కడ నిక్షేపంగా ఉన్న పొడవైన వ్యాసం పేరు గల ఫైలు లినక్సు బ్యాకప్పులోకి రాలేక ఆగిపోతుంది. ఆర్‌సింక్ దోషం చూపి మిగతా ఫైళ్ళతో ముందుకు సాగుతుంది. ఆ దోషాన్ని ఎవరూ చదవకపోతే ఆ ఒక్క ఫైలుకు ఎన్నడూ ప్రతి ఉండదు.

విండోస్, మ్యాక్ కంప్యూటర్లు

రోబోకాపీ మొదట విండోస్ ఎన్‌టీతో విడిగా దొరికే ఉపకరణాల సంపుటిలో ఉండేది, విస్టా నుండి వ్యవస్థలోనే భాగమయ్యింది. దీనిని టాస్క్ షెడ్యూలరుతో కలిపి వాడతారు. దీని "మిర్" ఆప్షనుకు ఆర్‌సింక్ తొలగింపు ఆప్షనుకు చెప్పిన జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. పని ముగిశాక ఇది ఇచ్చే సంఖ్య 8 కంటే తక్కువైతే వైఫల్యం లేనట్లు. మామూలుగా సున్నా తప్ప మరే సంఖ్యనైనా వైఫల్యంగా లెక్కించే స్క్రిప్టులు ఇక్కడ పొరబడతాయి.

ఇళ్ళ కోసమే ప్రత్యేకంగా మైక్రోసాఫ్టు 2007లో విండోస్ హోమ్ సర్వర్‌ను విడుదల చేసింది. ఇది ఇంట్లోని పది కంప్యూటర్ల వరకు రోజూ బ్యాకప్పు తీసుకుని, అన్నిటిలోనూ ఒకేలా ఉన్న సమాచారాన్ని ఒక్కసారే దాచేది. ఒకటి కంటే ఎక్కువ డిస్కులున్న సర్వరులో పంచుకున్న ఫైళ్ళను నేరుగా మార్చినపుడు కొన్ని ఫైళ్ళు పాడవుతున్నాయని అదే ఏడాది చివరలో సంస్థ ప్రకటించింది. సవరణ 2008 జూలైలో వచ్చింది. ఫైళ్ళను కాపాడడానికి కొన్న యంత్రమే వాటిని పాడుచేసిన ఈ ఉదంతం, ఒకే పెట్టెను నమ్ముకోకూడదనడానికి తరచు చెప్పబడుతుంది. 2012లో మైక్రోసాఫ్టు ఈ ఉత్పత్తికి స్వస్తి చెప్పింది.

టైమ్ మెషీన్ 2007 అక్టోబరులో మ్యాక్ ఓఎస్ టెన్ 10.5తో వచ్చింది. గడచిన 24 గంటలకు గంటకొకటి, గడచిన నెలకు రోజుకొకటి, అంతకు ముందటి కాలానికి వారానికొకటి చొప్పున డిస్కు నిండే వరకూ ప్రతులు ఉంచుతుంది. దీనికి జోడుగా ఆపిల్ 2008లో తెచ్చిన టైమ్ క్యాప్స్యూల్ రూటరు అమ్మకాలు 2018లో నిలిచిపోయాయి. సాంబా 4.8 లేదా తరువాతి కూర్పు ఉన్న లినక్సు కంప్యూటరును టైమ్ మెషీన్‌కు గమ్యంగా ఉపయోగించవచ్చు.

తిరిగి తెచ్చుకోవడం

తిరిగి తెచ్చి చూడని బ్యాకప్పును బ్యాకప్పుగా లెక్కించరాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేసు ఫోల్డరును చెరిపివేశాడు. సంస్థకు అనేక రకాల బ్యాకప్పు ఏర్పాట్లు ఉన్నాయి. రోజూ జరగవలసిన ఒక బ్యాకప్పు, డేటాబేసుకూ బ్యాకప్పు ప్రోగ్రాముకూ కూర్పులు కలవక విఫలమవుతూ వస్తున్నది. ఆ వైఫల్యాన్ని తెలిపే క్రాన్ ఈమెయిళ్ళను గ్రహించే సర్వరు తిరస్కరిస్తున్నది కనుక ఎవరికీ తెలియలేదు. చివరకు వేరే పని కోసం ఆరు గంటల ముందు యాదృచ్ఛికంగా తీసిన ఒక ప్రతి వారిని కాపాడింది. ఆ ఆరు గంటల సమాచారం పోయింది. సంస్థ ఈ వివరాలన్నిటినీ తానే బహిరంగంగా ప్రచురించింది.

ఇంట్లో దీనికి సమానమైన జాగ్రత్త కష్టమేమీ కాదు. పని ముగిశాక వచ్చే దోష సంఖ్యను చూసి సందేశం పంపేలా స్క్రిప్టు వ్రాయాలి. ఆర్‌సింక్ ఇచ్చే 24 అనే సంఖ్యకు నకలు తీసేలోగా కొన్ని ఫైళ్ళు మాయమైనాయని అర్థం, దీనికి కంగారుపడనక్కరలేదు. 23 అంటే కొన్ని ఫైళ్ళు రాలేదని, ఏవో చూడాలి. వైఫల్యం జరిగినపుడు మాత్రమే సందేశం వచ్చే ఏర్పాటులో, బ్యాకప్పు కంప్యూటరే ఆగిపోతే ఏ సందేశమూ రాదు. అందువల్ల చివరి విజయవంతమైన బ్యాకప్పు తేదీని రోజూ వాడే కంప్యూటరులో కంటికి కనబడేలా పెట్టడం నయం. తెరిచి ఉన్న డేటాబేసు, ఉత్తరాల ఫైళ్ళు నకలు తీసే సమయంలో మారుతూ ఉంటే ఆ ప్రతి తెరుచుకోకపోవచ్చు. తిరిగి తెచ్చుకునే పరీక్షలో ముందుగా వాటినే చూడాలి.

ఇంటి బయట ప్రతి

ఫోటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ప్రకారం ప్రతి ముఖ్యమైన ఫైలుకు మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలలో ఉండాలి, వాటిలో ఒకటి వేరేచోట ఉండాలి. ఇంటి నెట్‌వర్కు బ్యాకప్పు ఎంత చక్కగా నడిచినా ఈ మూడవ అంశాన్ని తీర్చలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్ళ కింది అంతస్తులు మునిగినట్లు జరిగితే, కంప్యూటరు, దాని బ్యాకప్పు పెట్టె ఒకే నీటిలో ఉంటాయి. దొంగతనం, అగ్నిప్రమాదం, పిడుగు విషయంలోనూ అంతే.

రెండు డిస్కులను నెలకొకసారి మార్చుకుంటూ ఒకదానిని బంధువుల ఇంట్లో ఉంచడం చౌకైన మార్గం. రెండు ఇళ్ళలోని కంప్యూటర్లు అంతర్జాలం ద్వారా ఒకదాని ప్రతిని ఒకటి దాచుకునే ఏర్పాటు కూడా ఉన్నది. ఇంటి లోపల అంతగా అక్కరకు రాని ఆర్‌సింక్ ముక్కల పద్ధతి ఇక్కడ ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఇళ్ళ అంతర్జాల కనెక్షన్లలో చాలావాటికి పైకి పంపే వేగం తక్కువ. ఇతరుల ఇంట్లో ఉండే డిస్కును గూఢలిపిలో ఉంచుతారు. దాని సంకేతపదాన్ని ఆ కంప్యూటరులోనే ఫైలుగా దాచుకుంటే కంప్యూటరుతో పాటే పోతుంది, కాగితం మీద వ్రాసి వేరేచోట ఉంచాలి. మొదటి ప్రతిని లైను మీద పంపడానికి రోజులు పడుతుంది కనుక డిస్కును ఇక్కడే నింపి తీసుకువెళ్ళి అక్కడ తగిలిస్తారు. ఆ తరువాత రోజువారీ తేడాలు మాత్రమే ప్రయాణిస్తాయి.